నాగోలా, గచ్చిబౌలా?

మా బావగారి అమ్మాయి అద్దెకుంటున్న ఇంటి ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరింది. నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. కార్తీకమాసం మొదలైన దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళామూ బండి మీద టు-లెట్ బోర్డులు చదువుకుంటూ ఊరంతా తిరిగారు. చివరికి రెండు మిగిలాయి. నాగోలు దాటి బండ్లగూడ వైపు పాత అపార్ట్‌మెంటులో రెండు పడగ్గదుల ఫ్లాటు ఒకటి. అద్దె 12 వేలు, మెయింటెనెన్సు 1,500. రెండోది గచ్చిబౌలి అంజయ్యనగర్‌లో ఒక్క పడగ్గది, నీళ్ళతో కలిపి 19 వేలు.

అమ్మాయి ఉద్యోగం మైండ్‌స్పేస్ వైపు ఒక ఆఫీసులో, అకౌంట్స్‌లో. చేతికొచ్చేది 31 వేలు. అల్లుడు టైల్స్ డిస్ట్రిబ్యూటరు దగ్గర మార్కెటింగు చేస్తాడు. జీతం 14 వేలు, ఆ పైన కమీషను. వచ్చిన నెల పది వేలు, రాని నెల సున్నా. ఆఫీసు అమీర్‌పేటలో కాబట్టి ఆయనకి ఏ ఇల్లైనా ఇంచుమించు ఒకటే దూరం. వాళ్ళకి నాలుగేళ్ళ పాప, ఎల్‌కేజీ.

మా ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంటి సంగతి అనేసరికి చుట్టాలందరూ ఈయన దగ్గరికే వస్తారు. జీవితమంతా పొదుపు పొదుపు అన్న మనిషి కదా, తక్కువ అద్దె ఇల్లే పట్టుకోమంటారనుకున్నాను. ఆయన గచ్చిబౌలి అన్నారు. నాగోలంది పిల్ల. లెక్క రాసే పని నామీద పడింది. ఇద్దరిలో ఎవరి చేతికి పెన్నిచ్చినా అంకెలు వాళ్ళవైపే ఒరుగుతాయి మరి.

బాబాయి: అద్దెలు తర్వాత. ఎన్నింటికి గడప దాటతావు, ఎన్నింటికి మళ్ళీ గడప తొక్కుతావు, అది చెప్పు ముందు.

అమ్మాయి: ఆఫీసు తొమ్మిదిన్నరకి. నాగోలు నుంచైతే ఎనిమిదింటికి బయల్దేరాలి. షేర్ ఆటోలో స్టేషను, అక్కడ మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా మారే పనే లేదు, ఒకటే లైను. గంట పడుతుంది. దిగి కాస్త నడక. సాయంత్రం ఆరున్నరకి వదిలితే ఎనిమిదికి ఇంట్లో ఉంటాను.

బాబాయి: అంజయ్యనగర్ నుంచి?

అమ్మాయి: ఇరవై నిమిషాల నడక.

బాబాయి: అంటే వెళ్ళేటప్పుడు గంటా పది నిమిషాలు, వచ్చేటప్పుడు గంటా పది నిమిషాలు ఎక్కువ. నెలకి ఇరవై నాలుగు రోజులు. రాయవే, యాభై ఆరు గంటలు. ఇప్పుడు డబ్బులు. మెట్రో ఎంత?

అమ్మాయి: 2025 మే నెలలో పెంచారుగా. ఈ చివర్నించి ఆ చివరికి దాదాపు 70. రానూ పోనూ 140. షేర్ ఆటో 20, 20.

బాబాయి: రోజుకి 180. నెలకి 4,320. రెండు ఇళ్ళకీ తేడా ఎంత? పంతొమ్మిదిలోంచి పదమూడున్నర తీస్తే అయిదున్నర వేలు. దాంట్లో 4,320 రైలుకీ ఆటోకీ పోతే నీకు మిగిలేది 1,180. యాభై ఆరు గంటలు పెట్టి 1,180 రూపాయలు సంపాదిస్తున్నావు. గంటకి 21 రూపాయలు. మన వీధి చివర ఇస్త్రీ చేసేవాణ్ణి గంట పనికి 21 రూపాయలిస్తాను రమ్మను, ఏమంటాడో చూద్దాం.

లెక్క తప్పేమీ లేదు. నేను రెండుసార్లు వేసి చూశాను. ఆయన ఇలా అంకె ఒకటి చేతిలో పెట్టి ఊరుకుంటారు. ఎదుటివాళ్ళు సగం దానికే లొంగిపోతారు. పిల్ల లొంగలేదు.

అమ్మాయి: బాబాయ్, ఆ యాభై ఆరు గంటలూ మిగిల్చుకుంటే నాకెవరైనా డబ్బులిస్తారా? నాది నెల జీతం. ఇరవై నిమిషాల్లో ఇల్లు చేరినా 31 వేలే, గంటన్నరకి చేరినా 31 వేలే. గంట మిగిలితే గంట మిగులుతుంది. కాదనను, మంచిదే. కానీ దాన్ని తీసుకెళ్ళి కిరాణా కొట్లో ఇస్తే పప్పు ఇవ్వడు. ఆ గంట కోసం నేనిచ్చే అయిదున్నర వేలు మాత్రం అచ్చంగా రూపాయలే.

బాబాయి: మిగిలేది అయిదున్నర వేలు కాదంటున్నాగా, 1,180.

అమ్మాయి: అక్కడే నువ్వు పొరపడుతున్నావు. అద్దె ఒకటో తారీకున అడుగుతాడు. ఆయనకి కమీషను రాలేదని ఓనరు నాలుగు వేలు తగ్గించుకోడు. మెట్రో అట్లా కాదు. చేతిలో లేని నెల మెట్రో మానేసి బస్సెక్కుతాను. ఆర్టీసీలో ఆడవాళ్ళకి టికెట్టు లేదు, 2023 డిసెంబరు నుంచీ. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. ఆ నెల నా ప్రయాణం ఖర్చు వెయ్యి దాటదు. పంతొమ్మిది వేల అద్దెకి అలాంటి వెసులుబాటు ఏదీ?

బాబాయి: గచ్చిబౌలి నుంచి ఉప్పల్‌కి సాయంత్రం ఆరున్నరకి బస్సా! ఎప్పుడైనా ఎక్కావా? నిలబడే చోటు దొరికితే అదృష్టం, రెండు గంటలకి తక్కువ పట్టదు. పాప ఎనిమిదిన్నరకి నిద్రపోతుంది. ఇంటికెళ్ళి నిద్రపోతున్న పిల్లని చూసుకోవడానికా ఈ సంసారం?

అమ్మాయి: రోజూ అనడం లేదు. పొద్దున మెట్రో, సాయంత్రం బస్సు అని కూడా అనడం లేదు. చేయి ఆడని నెల ఒక దారి ఉందంటున్నాను. ఆ దారే లేకపోతే అప్పు చేయాలి.

బాబాయి: సరే, అసలు సంగతి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో నికరంగా వచ్చేది నీ 31 వేలు. అదే మూలం. ఏ ఇల్లు తీసుకున్నా ఆ మూలం కదలకూడదు. నేను ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో చూశాను. దూరాభారం వల్ల ఉద్యోగం మానేసినవాళ్ళందరూ ఆడవాళ్ళే. మగవాడొక్కడూ మానలేదు. మొదటి ఆరు నెలలు హుషారుగానే వెళ్తారు. తర్వాత పిల్లకి జ్వరం, ఒక రోజు సెలవు. ఇంకోసారి వాన, ఆలస్యం, మేనేజరు మాట. ఏడాది తిరిగేసరికి ఇంట్లో కూర్చుంటారు. అప్పుడు నీ పన్నెండు వేల ఇల్లు కూడా ఖరీదైనదే అవుతుంది, కట్టడానికి 31 వేలు ఉండవు కాబట్టి.

ఈ మాటకి పిల్ల వెంటనే జవాబివ్వలేదు. నాకూ ఆయన వాదన మొత్తంలో బలమైన మాట ఇదే అనిపించింది. ఇల్లు చూసేటప్పుడు ‘ఇందులో ఉంటే నా ఉద్యోగం నిలుస్తుందా’ అని ఆడవాళ్ళు అడిగినట్టు మగవాళ్ళు అడగరు. ఈయన పిల్ల తరఫున అడిగారు.

అమ్మాయి: అదీ నిజమే. అయితే నువ్వు చెప్పిన ఇంటికే ఆ లెక్క వేసి చూడు. గచ్చిబౌలిలో పాపని చూసేవాళ్ళు లేరు. స్కూలు ఒంటిగంటకి వదులుతుంది. అక్కడ క్రెష్ నేను అడిగి వచ్చాను, ఏడింటిదాకా ఉంచితే తొమ్మిది వేలు. అద్దె పంతొమ్మిది, క్రెష్ తొమ్మిది. నా జీతంలో 28 వేలు అక్కడికే పోతే నా చేతిలో మిగిలేది మూడు వేలు. బియ్యం, గ్యాసు, పాలు, స్కూలు ఫీజు అన్నీ ఆయన 14 వేలలోంచి రావాలి. ఆయన ఉద్యోగం ఒక్క నెల ఆగిందనుకో. నాగోలులో ఒక్కదాని జీతంతో ఇల్లు నడుస్తుంది. పదమూడున్నర పోగా పదిహేడున్నర మిగులుతుంది. గచ్చిబౌలిలో ఇద్దరి జీతాలూ ఉంటేనే అద్దె కట్టగలం. నేను ఇల్లు చూసేటప్పుడు పెట్టుకున్న కొలత అదొక్కటే బాబాయ్, ఒక్క జీతానికి ఆనాలి.

బాబాయి: నాగోలులో క్రెష్ ఊరికే పెడతారా?

అమ్మాయి: అక్కడ క్రెష్ అక్కర్లేదు. రెండో గది ఉంది. అత్తయ్య వస్తారు.

బాబాయి: ఆవిడని అడిగావా?

అమ్మాయి: అడగలేదింకా. వస్తారులే.

బాబాయి: భలేదానివే! పక్కింటి వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరినీ అడిగొచ్చావు. ఇల్లంతా ఎవరి మీద ఆధారపడి నిలబెట్టావో ఆవిణ్ణి తప్ప. చెయ్యి ఫోను.

చేసింది. స్పీకరు పెట్టింది. వియ్యపురాలిది వైరా దగ్గర పల్లెటూరు. రెండెకరాల మిరపతోట, ఒక గేదె. ఆవిడ మాట దాచుకునే మనిషి కాదు. “వస్తానమ్మా, పిల్లదాన్ని చూసుకోకుండా ఎట్లా. గేదెను మరిది వాళ్ళింట్లో కడతాను. కానీ సంక్రాంతి వెళ్ళాక కాయ ఏరుడు మొదలైతే ఉండను. కూలీల దగ్గర మనిషి లేకపోతే సగం కాయ చెట్టు మీదే ఎండుతుంది. ఉగాది దాటాక మళ్ళీ వస్తా. ఇంకో మాట. ఆ గచ్చిబౌలికి మాత్రం నన్ను రమ్మనకండి. పోయినసారి ఎల్బీనగర్‌లో బస్సు దిగితే అక్కడికి చేరేసరికి ఖమ్మం నుంచి వచ్చినంతసేపు పట్టింది.”

ఫోను పెట్టేశాక మా ఆయన నవ్వుకున్నారు. ఖమ్మం, సూర్యాపేట బస్సులు ఎల్బీనగర్ మీదుగానే ఊళ్ళోకి వస్తాయి. అక్కడి నుంచి నాగోలు ఎంతో లేదు. ఆ ఫ్లాటుకున్న ఈ సౌకర్యం ఏ బ్రోకరూ చెప్పడు, ఏ ప్రకటనలోనూ రాయరు. సాయానికి వచ్చే చుట్టాల ఊరు ఎటుందో చూసుకునే ఇల్లు వెతుక్కోవాలి.

బాబాయి: తొమ్మిది నెలలు ఆవిడ చూస్తారు, బాగానే ఉంది. ఆ మూడు నెలలో?

అమ్మాయి: నాగోలులో క్రెష్ ఉంది. అయిదు వేలు, కానీ ఆరింటికే మూసేస్తారు.

బాబాయి: నువ్వు చేరేది ఎనిమిదికి. ఆ రెండు గంటలు పిల్ల ఎక్కడుంటుంది?

అమ్మాయి: ఆయన తిరిగే ఉద్యోగమేగా. ఆరింటికల్లా వచ్చి తీసుకెళ్ళగలరు.

బాబాయి: తీసుకెళ్ళగలడా, తీసుకెళ్తానన్నాడా?

అమ్మాయి జవాబు చెప్పలేదు. నేను లెక్కల కాగితంలో ‘అల్లుడు, సాయంత్రం ఆరు’ అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలాను.

బాబాయి: ఇంటి సంగతికొద్దాం. నాగోలులో నీళ్ళెట్లా?

అమ్మాయి: మునిసిపాలిటీ నీళ్ళ కనెక్షను ఉంది, రోజు విడిచి రోజు సంపులోకి వస్తాయి. తక్కినవి బోరు. బోరు నీళ్ళు ఉప్పు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టింది, గీజరు తొందరగా పోతుందని పై ఫ్లాటావిడ చెప్పింది.

బాబాయి: కార్తీకంలో ఏ బోరైనా పోస్తుంది. ఏప్రిల్, మే నెలల సంగతేంటి? అసోసియేషనువాళ్ళ దగ్గర మెయింటెనెన్సు పుస్తకం ఉంటుంది, చూపించమన్నావా?

అమ్మాయి: చూశాను. ఏప్రిల్‌లో ట్యాంకర్లు ఆరు, మేలో పదకొండు. ఆ రెండు నెలలూ ఫ్లాటుకి 700, 1,200 చొప్పున ఎక్కువ వసూలు చేశారు. రాసుకున్నాను.

ఈ మాటతో మా ఆయన ముఖం వెలిగింది. ఓడిపోతున్నా సరే, పుస్తకం అడిగి చూసిన మనిషంటే ఆయనకి గౌరవం.

బాబాయి: మూసీ? అటు గాలి వీస్తే వాసన, దోమలు. 2020 అక్టోబరు వానలకి అటువైపు కాలనీలు మునగలేదూ?

అమ్మాయి: దోమలున్నాయి. కిటికీలకి జాలీ ఉంది, హాల్లో ఒకటి చిరిగింది. వేయించమన్నాను. మునగడం గురించి ఓనర్ని అడిగితే మాకేం రాలేదండీ అన్నాడు. ఎదురుగా ఇస్త్రీ బండి అతన్ని అడిగాను. సెల్లారులో మోకాలిదాకా వచ్చాయన్నాడు. వెళ్ళి చూస్తే పిల్లర్ల మీద నీటి గీత అలాగే ఉంది, పైన సున్నం కొట్టారు గానీ కనిపిస్తూనే ఉంది. మాది మూడో అంతస్తు. బండి ఒక్కటే వానకాలం గేటు బయట గట్టున పెట్టాలి.

బాబాయి: లిఫ్టు?

అమ్మాయి: ఉంది. కరెంటు పోతే జనరేటరు లిఫ్టుకి లేదు, మోటారుకి లేదు, మెట్ల లైట్లకి మాత్రమే. సరే, ఇప్పుడు నీ గచ్చిబౌలి ఇల్లు చెప్తా విను. వంటగది కిటికీ తీస్తే పక్కింటి గోడ. చెయ్యి బయటపెట్టి ఆ గోడ తట్టాను. పోపు వేస్తే ఆ పొగ మళ్ళీ మనింట్లోకే. మధ్యాహ్నం పన్నెండింటికి లైటు వేసుకుని చూపించాడు. అరవై గజాల్లో అయిదంతస్తులు లేపాడు. పక్కన ఖాళీ స్థలం ఉంది, రేపు వాడూ గొయ్యి తవ్వుతాడు. 2024 నవంబరులో ఆ పక్కనే సిద్ధిఖ్‌నగర్‌లో ఏమైంది? పక్క స్థలంలో పునాదికి తవ్వితే అంతస్తుల ఇల్లు పక్కకి ఒరిగింది. జనం కట్టుబట్టలతో బయటికొచ్చారు, మర్నాడు కూల్చేశారు.

బాబాయి: అన్ని ఇళ్ళూ ఒరగవు.

అమ్మాయి: ఒరగవు. కానీ 19 వేలు నేను దేనికిస్తున్నానో చూడాలిగా. ఇంటికి కాదు, ఆఫీసు దగ్గరగా ఉందని. ఇంకొకటి. ఆ ఓనరు ముగ్గురికి మించి ఉండకూడదన్నాడు. చుట్టాలొచ్చి వారం దాటితే మనిషికి నెలకి 500, నీళ్ళకట. అత్తయ్య వస్తానన్నా వాడు ఊరుకోడు.

బాబాయి: ఇంకేం అడిగాడు?

అమ్మాయి: మీరేమిట్లు అనడిగాడు. నాగోలాయనా అడిగాడు. ఇద్దరూ ఒకటే.

ఈ ఒక్క విషయంలో ఈ ఊళ్ళో తూర్పుకీ పడమరకీ తేడా లేదు. అద్దె చెప్పకముందే కులం అడుగుతారు, ఇచ్చేది లేనిది తర్వాత. ఆ ప్రశ్న విని మా ఆయన కూడా కొత్తగా కోప్పడలేదు. అలవాటైపోయింది, అదే నాకు బాధ.

బాబాయి: మీటర్ల సంగతి చూశావా?

అమ్మాయి: అది నేనే చెబుదామనుకున్నా. నాగోలు ఫ్లాటుకి విడిగా కరెంటు మీటరు ఉంది. మా రేషను కార్డు మీద గృహజ్యోతి వస్తుంది, 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు. అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది. గచ్చిబౌలిలో బిల్డింగు మొత్తానికి పెద్ద మీటరు, మనకి సబ్‌మీటరు. ఓనరు యూనిట్‌కి పది రూపాయలు తీసుకుంటాడు. నూటఇరవై యూనిట్లు కాలితే పన్నెండొందలు. నీ 1,180కి ఇది కలుపు.

బాబాయి: 2,380. ఊఁ. గంటకి 42 అయింది. అయినా తొందరపడకు. ఆ నాగోలు మీటరు మీద ఇదివరకు ఉన్నవాళ్ళ కార్డు ఎక్కించి ఉందేమో చూసుకో. ఉంటే అది తీయించి నీది ఎక్కించేదాకా బిల్లు నువ్వు కట్టుకోవాల్సిందే. సర్వీసు నంబరు రాసుకుని కరెంటాఫీసులో కనుక్కుని రా, ఆ తర్వాతే అడ్వాన్సివ్వు.

అమ్మాయి: అడ్వాన్సు అంటే గుర్తొచ్చింది. మా దగ్గరున్నది అరవై వేలు. నాగోలుకి రెండు నెలలు, 24 వేలు. ఇక్కడ బ్రోకరు లేడు, వాచ్‌మనే చూపించాడు. అతనికి వెయ్యి ఇస్తే సంతోషిస్తాడు. గచ్చిబౌలికి 38 వేలు, బ్రోకరుకి సగం నెల అద్దె, తొమ్మిదిన్నర. మొదటి నెల అద్దెతో కలిపితే అరవై ఆరున్నర. ఇంట్లో అడుగుపెట్టకముందే అప్పు.

బాబాయి: రెండు నెలలే నయం. బెంగుళూరులో పది నెలల అడ్వాన్సు అడిగిన రోజులున్నాయి. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టమని ఒకటి తెచ్చింది, నివాసానికి రెండు నెలలకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని అందులో రాశారు. నమూనాయే అది, రాష్ట్రం చేసుకుంటేనే చట్టం. ఇప్పుడు అగ్రిమెంటు. పదకొండు నెలలకి రాసుకుంటారుగా, ఎందుకో తెలుసా?

అమ్మాయి: అందరూ అట్లాగే రాస్తారు.

బాబాయి: ఏడాది దాటిన లీజు రిజిస్ట్రేషను చేయించాలని 1908 నాటి కేంద్ర చట్టంలో ఉంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు అలవాటైంది. ఆ కాయితం చేతికివ్వగానే సంతకం పెట్టకు. నాలుగు చూడు. ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, నీకూ వాడికీ ఒకటే గడువుందా లేదా. పదకొండు నెలల తర్వాత ఎంత పెంచుతాడు, అయిదు శాతమా, పదా. పెయింటింగు అని ఎంత పట్టుకుంటాడు. వేసవి ట్యాంకర్ల డబ్బు నీదా, వాడిదా. నోటిమాట మీద ఉన్నవన్నీ ఖాళీ చేసేరోజున తగాదాలవుతాయి. ఇంట్లో దిగే రోజున ప్రతి గదీ ఫోటో తీసుకో. పగిలిన టైలు, చిరిగిన జాలీ, గీతలు పడ్డ తలుపు, అన్నీ. ఆ ఫోటోలు ఓనరు నంబరుకి పంపు. ఆయన చూశాడన్న రుజువు ఉంటుంది.

అమ్మాయి: అంటే నాగోలుకి ఒప్పుకున్నట్టేనా?

బాబాయి: లేదు. ఇంటిని ఒప్పుకున్నాను, దూరాన్ని ఒప్పుకోలేదు. నువ్వు ఆ ప్రయాణం ఎప్పుడు చేశావు?

అమ్మాయి: ఆదివారం ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు మెట్రోలో వచ్చాం. ఖాళీగా ఉంది.

బాబాయి: సోమవారం చెయ్యి. పొద్దున ఎనిమిదికి బండ్లగూడలో ఆ ఇంటి గేటు ముందు నిలబడు. అక్కణ్ణించి షేర్ ఆటో పట్టుకుని ఆఫీసుకి పో. సాయంత్రం ఆఫీసు నుంచి మళ్ళీ ఆ గేటు దాకా రా. నాగోలు మొదటి స్టేషను, పొద్దున కూర్చోవడానికి చోటు దొరకొచ్చు. రాయదుర్గం కూడా చివరి స్టేషనే, సాయంత్రం అక్కడ క్యూ ఎంతుంటుందో చూడు. వచ్చాక చెప్పు నాగోలో కాదో.

అమ్మాయి: బాబాయ్, ఒకటి చెప్తా, ఇదే నా ఆఖరి మాట. దూరం భరించలేకపోయాననుకో. ఆరు నెలలకి నెల ముందు నోటీసిచ్చి దగ్గరికి మారతాను. ఆరు నెలల్లో నెలకి రెండు వేలు మిగిలినా మారడానికి డబ్బుంటుంది. గచ్చిబౌలి తీసుకుని అద్దె భరించలేకపోయాననుకో. అప్పుడు నాగోలుకి రావడానికి కూడా చేతిలో ఉండదు. అడ్వాన్సులో పెయింటింగు పోతుంది, బాకీ అద్దె పోతుంది, టాటా ఏస్ కిరాయికి మళ్ళీ నీ దగ్గరికే రావాలి. ఇటునుంచి అటు వెళ్ళడం సులువు. అటునుంచి ఇటు రావడమే కష్టం.

మా ఆయన దీనికి ఎదురు చెప్పలేదు, సరే అని కూడా అనలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని ఖాళీ వదిలిన గడి మీద వేలు పెట్టి, “ఇది నింపకుండా ఇంట్లో దిగడానికి వీల్లేదు” అన్నారు.

నా మాట అడిగితే నేను పిల్లవైపే. మా ఆయన గంటలకి ఖరీదు కట్టారు, అది ఆమె ఒంటి మీద ప్రేమతో కట్టిన ఖరీదు. కాదనలేను. కానీ ఇరుకు బడ్జెట్టులో ఉన్నవాళ్ళకి నెల బాగున్నప్పటి లెక్క కాదు ముఖ్యం, నెల బాగోనప్పుడు ఏది తగ్గించుకోగలమన్నది ముఖ్యం. అద్దె తగ్గదు. ప్రయాణం తగ్గుతుంది, కూర తగ్గుతుంది, చీర వాయిదా పడుతుంది. తగ్గనిదాన్ని చిన్నదిగా పెట్టుకోవడమే తెలివి. అలాగని ఎవరైనా దూరాన ఇల్లు తీసుకోండని చెప్పను. పాపని చూసే అత్తగారు లేకపోతే ఇదే లెక్క తిరగబడుతుంది. వియ్యపురాలు రానంటే నేనే గచ్చిబౌలి అనేదాన్ని, లేదా రెండూ వదిలేసి తార్నాక వైపు ఇంకో వారం వెతకమనేదాన్ని.

సోమవారం పిల్ల వెళ్ళి వచ్చింది. పొద్దున సీటు దొరికింది, ఆ గేటు నుంచి ఆఫీసుకి గంటా ఇరవై ఎనిమిది నిమిషాలు. సాయంత్రం రెండు రైళ్ళు వదిలేసి మూడోది ఎక్కింది, గంటా నలభై. అది కూడా రాశాను. అల్లుడు ఆ రాత్రే వచ్చి ఖాళీ గడి నింపాడు. సోమ, బుధ, శుక్రవారాలు తను ఆరింటికి పాపని తెచ్చుకుంటాడు. మంగళ, గురువారాలు పై ఫ్లాటావిడ క్రెష్ నుంచి తెచ్చి ఎనిమిదిదాకా ఉంచుకుంటానంది, నెలకి వెయ్యి రూపాయలకి. శనివారం అల్లుడికి సెలవు.

నాగోలు ఓనరు అద్దె 500 తగ్గించాడు. ట్యాంకర్ల డబ్బు సగం తను పెట్టుకుంటానని అగ్రిమెంటులో రాయించాం. జాలీ వేయించాడు. పెయింటింగు మాత్రం వదల్లేదు, ఖాళీ చేసే రోజున ఒక నెల అద్దె పట్టుకుంటాడు.